వయొలిన్ వాయిస్తూనే పిల్లల వాద్యబృందాన్ని నడిపించడం ఎలా

తిరుపతిలో వయొలిన్ నేర్చుకునే పిల్లలు చాలామందే ఉన్నారు. ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది, ఇళ్ల దగ్గర పాఠం చెప్పే గురువులున్నారు. అయితే మన పాఠం పద్ధతిలో పిల్ల గురువు ఎదుట ఒంటరిగా కూర్చుని నేర్చుకుంటుంది. పక్కవాళ్ల నాదంలో తన నాదం కలిపి వాయిస్తే ఎలా ఉంటుందో తెలియకుండానే డిప్లొమా దాకా వెళ్లిపోతుంది. మీరు వయొలిన్ టీచరైనా, కళాశాలలో చివరి ఏడాది చదువుతున్నవారైనా ఈ లోటు తీర్చగలరు. కర్ర పట్టుకుని ఎదురుగా నిలబడే కండక్టర్ లేకుండా, మొదటి వయొలిన్ వాయిస్తూనే పన్నెండు నుంచి పదహారు మంది పిల్లల్ని గంట కచేరీ దాటించడం ఎలాగో చెబుతాను.

ఇది కొత్త పద్ధతేం కాదు. యూరప్‌లో కర్రతో నడిపించే కండక్టర్లు పందొమ్మిదో శతాబ్దంలోనే స్థిరపడ్డారు. అంతకుముందు మొదటి వయొలిన్ వాయించేవారో, కీబోర్డు దగ్గర కూర్చున్నవారో బృందాన్ని నడిపేవారు. న్యూయార్క్‌లో 1972లో మొదలైన ఆర్ఫియస్ ఛాంబర్ ఆర్కెస్ట్రా కండక్టర్ అనేవారే లేకుండా కచేరీలు చేస్తూ వచ్చింది. లండన్‌లో నెవిల్ మారినర్ తన బృందాన్ని మొదట్లో వయొలిన్ కుర్చీలోంచే నడిపించారు. వాళ్లంతా ఆరితేరినవాళ్లు కదా అనకండి. పిల్లలకు ఈ పద్ధతి ఇంకా మేలు. ఎదురుగా చేయి ఊపే మనిషి లేకపోతే పిల్లలు ఒకరినొకరు వినక తప్పదు.

ఒక్కటి మాత్రం ముందే మనసులో గట్టిగా అనుకోండి. ఆ సాయంత్రం మీరు సోలో వాయించడం లేదు. మీ నాదం ఎంత తీయగా ఉందన్నదానికంటే, మీ ఊపిరి వెనక వరసలో చివరి పిల్లకు కనిపించిందా లేదా అన్నదే లెక్క. కింద చెప్పే పనులన్నీ ఆ ఒక్కదాని కోసమే.

బృందాన్ని కూర్చుకోవడం

పాశ్చాత్య పద్ధతి ఛాంబర్ ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్లు, రెండో వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, ఒక డబుల్ బాస్ ఉంటాయి. మన ఊళ్లో వయొలిన్లకు లోటుండదు గానీ మిగతావి దొరక్కపోవచ్చు. దాని కోసం ఆగిపోకండి. పిల్లల్ని మూడు వయొలిన్ భాగాలుగా చేయండి. మూడో భాగానికి మందర (కింది స్థాయి) తీగల మీద చేయి నిలకడగా ఉన్నవాళ్లను పెట్టండి. వయొలిన్ సైజు వాయిద్యానికే వయోలా తీగలు కట్టుకునే వీలుంది, అలాంటి తీగల సెట్లు అమ్ముతారు. పెద్ద పిల్లల్లో ఒకరిద్దరికి ఇలా కట్టిస్తే బృందం నాదానికి బరువొస్తుంది.

కింది స్థాయికి వీణను తీసుకోండి. దాని అనుమందర తీగ (అన్నిటికంటే లోతైనది) దాదాపు చెల్లో లోతుకు దిగుతుంది. మీటిన నాదం కమాను నాదంలా సాగదు కాబట్టి పొడవాటి స్వరాలను రెండుసార్లు మీటించాలి. మైనపు మేళం (మెట్లు బిగించిన మైనపు పట్టె) మీద పన్నెండు స్వరస్థానాలకూ మెట్లుంటాయి గనక ఏ శ్రుతికైనా వాయించొచ్చు. ఆకాశవాణి వాద్యబృందానికి ఎన్నో రచనలు చేసిన ఈమని శంకరశాస్త్రిగారు వీణ విద్వాంసులే. వాద్యబృందంలో వీణ ఇమడదని ఎవరైనా అంటే ఆయన పేరు చెప్పండి. వీణ దొరక్కపోతే కీబోర్డులో చెల్లో నాదం పెట్టుకోండి, తప్పేం లేదు.

భాగాలు పంచేటప్పుడు బాగా వాయించేవాళ్లందరినీ మొదటి వయొలిన్లలో పోగేయకండి. ప్రతి భాగానికీ ధైర్యంగా మొదలుపెట్టగల ఒక పిల్లో పిల్లాడో ఉండాలి. వాళ్లు మీ సహాయకులు. మీ ఊపిరి అందుకుని తమ వెనకవాళ్లకు అందించేది వాళ్లే. రెండో వయొలిన్లలో వేయడమంటే తక్కువ చేయడమని తల్లిదండ్రులు అనుకుంటారు. ఒక పాటకు ఒకరు, ఇంకో పాటకు ఇంకొకరు మొదటి భాగం వాయించేలా మార్చి పెడితే ఆ మాట రాదు. పిల్లలకూ రెండు వైపులా వినడం అలవాటవుతుంది.

ఏం వాయించాలి

గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) ఎక్కువున్న రాగాలు మొదటి కచేరీకి వద్దు. తోడి గాంధారాన్ని పదిహేనుమంది పదిహేను రకాలుగా ఊపితే శ్రుతి చెదిరినట్టే వినిపిస్తుంది. మోహనం, హంసధ్వని, శంకరాభరణం, కురంజి లాంటివి తీసుకోండి.

మొదటి కచేరీకి నేను పెట్టమనేది ముత్తుస్వామి దీక్షితార్ నొట్టుస్వరాలు. దీక్షితార్ (1775–1835) కుటుంబం మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో కోటలో ఇంగ్లీషు బ్యాండు వినేవారు. ఆ వరసలకు సంస్కృత సాహిత్యం కట్టి దాదాపు నలభై చిన్న రచనలు చేశారు. అన్నీ శంకరాభరణంలోనే. ‘సంతతం పాహిమాం’ వరస బ్రిటన్ జాతీయగీతానిది. వయొలిన్‌ను కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవారిగా పేరున్న బాలుస్వామి దీక్షితార్ ఈయన తమ్ముడే. ఈ రచనల్లో గమకం దాదాపు లేదు, స్వరాలు నేరుగా నడుస్తాయి, కింద ఇంకో భాగం జతచేసినా అందంగా ఉంటుంది. పిల్లల బృందం కోసమే కట్టారా అనిపిస్తుంది.

రెండోది, జర్మనీ సంగీతకర్త పాకెల్‌బెల్ రాసిన కానన్. మన ఇబ్బందికి సరిగ్గా సరిపోయే రచన ఇది. మూడు వయొలిన్ భాగాలు, కింద ఒక బాస్, అంతే. వయోలా అవసరం లేదు. మూడు వయొలిన్లూ ఒకే సంగీతాన్ని ఒకదాని వెనక ఒకటి మొదలుపెడతాయి. బాస్‌కు ఉన్నవి ఎనిమిది స్వరాలే: స ప ద గ మ స మ ప. ఆ ఎనిమిదీ 28 సార్లు తిరుగుతాయి. శంకరాభరణం తెలిసిన పిల్లకు ఇందులో స్వరాలు దాదాపు అన్నీ తెలిసినవే.

తిరుపతిలో కచేరీ అంటే అన్నమయ్య లేకుండా ముగించలేం, ముగించనక్కర్లేదు కూడా. ‘ముద్దుగారే యశోద’ మంచి ఎంపిక. కురంజి రాగం మందర నిషాదం నుంచి దైవతం దాకానే తిరుగుతుంది గనక చిన్న చేతులు పైస్థానాలకు జరగక్కర్లేదు. అన్నమయ్య (1408–1503) సంకీర్తనల రాగిరేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరాలు లేవు. ఇప్పుడు మనం వింటున్న వరసలు గత శతాబ్దంలో విద్వాంసులు కట్టినవి. అందుకే ఒకే కీర్తనకు రెండు మూడు పాఠాంతరాలు వినబడతాయి. ఒక్కో పిల్ల ఒక్కో గురువు దగ్గర ఒక్కోలా నేర్చుకుని ఉంటుంది. ఏ పాఠం వాయించాలో మొదటి రోజే తేల్చేయండి, సంగతులతో (ఒకే పంక్తిని మార్చి మార్చి వాయించే తీరులతో) సహా.

గంట కచేరీకి ఆరేడు రచనలు చాలు. పిల్లల చేతులు నలభై నిమిషాల తర్వాత అలిసిపోతాయి. కష్టమైనదాన్ని మూడోదిగా పెట్టండి, చివర్లో పెట్టకండి.

శ్రుతి, కాగితాలు

కచేరీ మొత్తానికి ఒకే శ్రుతి పెట్టుకోండి. మధ్యలో తీగలు దించి ఎక్కిస్తే అవి నిలబడవు. కర్ణాటక పద్ధతి పిల్లలైతే ఐదు శ్రుతి (పాశ్చాత్య పద్ధతిలో జి) సుఖం. తీగలు స–ప–స–ప గా కట్టినప్పుడు మందర తీగలు రెండూ పాశ్చాత్య పద్ధతిలో ఉండే జి, డి లే. రెండో తీగను ఎ నుంచి జికి, మొదటి తీగను ఇ నుంచి డికి దించితే చాలు. కానన్ అసలు శ్రుతి డి, అంటే మన రెండు. దాన్ని కూడా ఐదుకే మార్చి రాసుకుని, మందరంలో అందని చోట్ల పైస్థాయికి ఎత్తండి. వీణ రెండు శ్రుతికి కట్టి ఉంటే దాని మధ్యమమే మీ షడ్జమవుతుంది, వీణ పిల్లకు ఆ లెక్కన స్వరాలు రాసివ్వండి.

స్వరలిపి తెలుగులోనే రాయండి. కాగితం మీద మూడు విషయాలు తప్పకుండా ఉండాలి. మొదటిది కమాను దిశ. ఎక్కడ డౌన్ బో, ఎక్కడ అప్ బో, ఒక కమానుకు ఎన్ని స్వరాలు అన్నది ప్రతి పంక్తికీ గుర్తు పెట్టండి. కమానులన్నీ ఒకేవైపు కదలడం చూసేవాళ్ల కంటికి అందంగా ఉంటుంది, అంతకంటే ముఖ్యంగా స్వరానికి స్వరానికి మధ్య ఊపిరి ఒకేచోట పడుతుంది. రెండోది గమకం. జారు ఎక్కడ, నొక్కు ఎక్కడ, ఏ వేలితో అన్నది రాయకపోతే ఎవరికి తోచినట్టు వాళ్లు వాయిస్తారు. మూడోది కళ్లజోడు బొమ్మ. పిల్లలు తలెత్తి మిమ్మల్ని చూడాల్సిన చోట చిన్న కళ్లజోడు గీయండి. కచేరీ వాద్యకారులు ఎప్పటినుంచో పాటించే చిట్కా ఇది, పిల్లలకు భలే ఇష్టం.

మీరు మాత్రం కాగితం చూడకూడదు. మీ భాగం కంఠతా ఉండాలి, మిగతా భాగాల మొదళ్లు కూడా తెలిసి ఉండాలి. మీ కళ్లు కాగితం మీదుంటే పిల్లలు చూడటానికి ఏమీ మిగలదు.

ఊపిరితో మొదలుపెట్టడం

నిలబడి వాయించే పాశ్చాత్య వయొలినిస్ట్ తన వాయిద్యం తలను కొద్దిగా ఎత్తి దించి మొదలు చూపిస్తాడు. మనం బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం, వయొలిన్ తల కుడి పాదం మీద ఆని ఉంటుంది. దాన్ని కదిపితే శ్రుతే కదులుతుంది. కాబట్టి మన చేతిలో ఉన్నవి మూడే: ఊపిరి, తల, కమాను పట్టిన చేయి. ఈ మూడింటినీ కలిపి వాడటం అద్దం ముందు కూర్చుని సాధన చేయండి.

వరస ఇలా ఉండాలి. ముందు మీ కమాను తీగ మీద ఆనించండి. పిల్లల కమానులన్నీ తీగ మీదికి వచ్చేదాకా ఆగండి. కమాను ఇంకా గాలిలో ఉందంటే ఆ పిల్ల సిద్ధంగా లేదని అర్థం. తర్వాత కళ్లతో మూడు చోట్ల కలవండి: రెండో వయొలిన్ల సహాయకురాలు, వీణ, వెనక వరస చివర కూర్చున్నవాళ్లు. ఇందుకు రెండు మూడు సెకన్లు పడుతుంది. ప్రేక్షకులకు అది ఆలస్యంగా అనిపించదు, మీకు మాత్రం చాలాసేపు అనిపిస్తుంది. తొందరపడకండి.

ఇప్పుడు కాలప్రమాణం. పాట మొదటి పంక్తిని తలుచుకుని వేగం నిర్ణయించకండి. మొదళ్లు సాధారణంగా తేలిగ్గా ఉంటాయి, వేగం ఎక్కువైపోతుంది. ఆ రచనలో అన్నిటికంటే చిక్కటి స్వరాలున్న పంక్తిని లోపల పాడుకోండి, ఆ వేగానికే మొదలుపెట్టండి. కానన్ అయితే నిమిషానికి 60 దెబ్బల దగ్గర నడిస్తే పిల్లలకు అందుతుంది.

మొదలుకు ముందున్న చివరి అక్షరం (తాళంలో ఒక దెబ్బ) మీద ముక్కుతో, పక్కవాళ్లకు వినిపించేలా ఊపిరి పీల్చండి. గడ్డం కొంచెం లేస్తుంది, కుడి మోచేయి కొంచెం లేస్తుంది. ఆ ఊపిరి సరిగ్గా ఒక అక్షరమంత పొడవుండాలి. పీల్చడం ఆగిన క్షణమే నాదం మొదలు కావాలి. మధ్యలో ఇంకో ఆగుడు వద్దు. చాలామంది ఊపిరి పీల్చి, క్షణం బిగబట్టి, అప్పుడు వాయిస్తారు. ఆ క్షణంలోనే సగంమంది మొదలుపెట్టేస్తారు, సగంమంది ఆగిపోతారు. మెల్లగా వాయించాల్సిన పాటకు ఊపిరి నెమ్మదిగా, లోతు తక్కువగా ఉండాలి. గట్టిగా మొదలయ్యే పాటకు చురుగ్గా ఉండాలి. వేగం, బలం, భావం మూడూ ఆ ఒక్క ఊపిరిలోనే వెళ్లిపోతాయి.

మన కీర్తనల్లో ఒక అదనపు చిక్కుంది. చాలా పాటలు సమం (తాళం మొదటి దెబ్బ) మీద కాకుండా సమం దాటాక ఎత్తుకుంటాయి. నేను చేయించేది ఇది: సమం మీద తల స్పష్టంగా దించాలి, నాదం రాకూడదు. ఎత్తుగడ అర అక్షరం తర్వాతైతే సమం మీదే చురుకైన ఊపిరి పీల్చాలి. అక్షరంన్నర తర్వాతైతే తల దించాక ఒక అక్షరం ఆగి ఊపిరి పీల్చాలి. వయొలిన్లు పక్కన పెట్టించి, చేత్తో తాళం వేస్తూ పాడించండి. తాళం ఒంట్లోకి దిగేదాకా వాయిద్యం ముట్టనివ్వకండి. పాడటం రాని చోట పిల్లకు వాయించడమూ రాదు.

సాధన రోజుల్లో ప్రతిసారీ మొదటి పది నిమిషాలు మొదళ్లకే పెట్టండి. అందరూ ఒక్క షడ్జం మాత్రమే వాయించాలి. మీరు ఊపిరి ఇవ్వండి, ఒక్క స్వరం, ఆపండి. మళ్లీ ఇంకో వేగంలో, ఇంకో బలంతో. ముందే ఏమీ చెప్పకండి. మీ ఊపిరి చూసే వేగం, బలం పట్టుకోవాలి. కొన్నాళ్లకు వాళ్లకు మీ వీపు కనిపించేలా తిరిగి కూర్చోండి. ఊపిరి చప్పుడు విని మొదలుపెట్టాలి. మొదట్లో “యాడ చూడాల సార్?” అని అడుగుతారు. చూడొద్దు, వినండి అని చెప్పండి.

అది వచ్చాక, ఊపిరి ఇచ్చే పని పిల్లలకే అప్పగించండి. ఒక్కొక్కరూ ఒక్కోసారి నడిపించాలి, అన్నిటికంటే బెరుకైన పిల్లతో సహా. తాను ఊపిరి ఇస్తే ఎవరూ చూడకపోతే ఎలా ఉంటుందో ఒకసారి తెలిసిన పిల్ల, ఆ తర్వాత మీ వైపు చూడటం మానదు. ఇన్ని సాధనల్లోకీ నాకు ఇదే విలువైనదనిపిస్తుంది. పదేళ్ల పిల్ల ఊపిరి పీల్చగానే పదిహేను కమానులు ఒక్కసారి కదిలితే ఆ పిల్ల కూర్చునే తీరే మారిపోతుంది. తల్లిదండ్రులు ఎవరైనా సాధనకు వస్తే ఈ భాగం తప్పక చూడమనండి.

ముగింపులూ సాధన చేయించాలి. చివరి స్వరానికి కమాను ఎంత మిగలాలో లెక్క చూసుకోండి. చివరి స్వరం మధ్యలో కమాను అయిపోయి మళ్లీ తిప్పితే ఆ కుదుపు హాలంతా వినిపిస్తుంది. ఆపడానికి మీ కమానును తీగ మీంచి చిన్న వంపుతో పైకి తీయండి. తీసిన కమాను గాలిలోనే ఉంచండి. మీరు దించేదాకా పిల్లలెవరూ దించకూడదు. చప్పట్లు అప్పటిదాకా ఆగుతాయి.

పరుగు ఆపడం

పిల్లలు పరుగెడతారు. వేదికెక్కాక ఇంకా పరుగెడతారు. వేగ స్వరాలు వచ్చినప్పుడు, నాదం పెంచినప్పుడు, తెలిసిన పంక్తి వచ్చినప్పుడు ఈ మూడు చోట్లా వేగం పెరుగుతుంది. దీనికి చాలామంది చేసేది కాలితో తాళం కొట్టడం, లేదా తామే గట్టిగా వాయించడం. కాలి దెబ్బ చెక్క వేదిక మీద మైకులోకి వెళుతుంది. గట్టిగా వాయిస్తే పిల్లలూ గట్టిగా వాయిస్తారు, ఒకరికొకరు ఇంకా వినిపించరు.

దీనికి మందు కమాను పొడవు. పరుగెత్తే చోట కమాను ఎక్కువ వాడమని చెప్పండి. పొడవాటి కమానుకు తొందరపడటం కుదరదు. మీరు ఆ చోట నాదం తగ్గించి, ప్రతి దెబ్బ మీదా స్వరాన్ని కొంచెం నొక్కి, వీణ వైపు ఒరిగి వాయించండి. అప్పుడు పిల్లల చెవులు బాస్ వైపు వెళతాయి. కానన్‌లో ఈ పని ఇంకా తేలిక. సాధనలో అందరి చేతా ఆ ఎనిమిది స్వరాల బాస్ వాయింపించండి, పాడించండి. తన భాగం వాయిస్తూ లోపల స ప ద గ మ స మ ప వినే పిల్ల దారి తప్పదు.

మృదంగం ఉంటే మృదంగం వాయించే అబ్బాయితో ముందే మాట్లాడుకోండి. కాలప్రమాణం వయొలిన్ నుంచి వస్తుంది, దాన్ని నిలబెట్టడమే తన పని. అతను మీ ముఖం కనిపించే చోట కూర్చోవాలి. మొదటి పంక్తి ఒకసారి నడిచాకే అందుకోమనండి. ప్రేక్షకుల గురించి ఒక మాట పిల్లలకూ చెప్పండి. మన తిరుపతి ప్రేక్షకులు సంగీతం తెలిసినవాళ్లు, ముందు వరసలో తాళం వేస్తూ కూర్చుంటారు. ఆ చేతుల్లో ఒకటి రెండు వెనకపడుతుంటాయి. వాటి వైపు చూడొద్దని గట్టిగా చెప్పండి.

తప్పిపోతే

ఏదో ఒక చోట ఎవరో ఒకరు తప్పుతారు. ఆపకుండా కలిసే దారి ముందే వేసి ఉంచాలి. కీర్తనలో ఆ దారి దానంతటదే ఉంది. పల్లవి ఎత్తుగడ అందరికీ తెలిసిన చోటు. బృందం చెదిరిందని మీకు అనిపిస్తే పల్లవి మొదటి పంక్తి వాయించండి, సహాయకులు వెంటనే మీతో కలవాలి, మిగతావాళ్లు వింటూ చేరాలి. కానన్‌లో కలిసే చోటు బాస్ షడ్జం. తప్పిన పిల్ల కమాను తీగ మీదే ఉంచి, వాయించకుండా, తర్వాతి షడ్జం కోసం ఆగాలి. సాధనలో ఒకరిద్దరికి ముందే చెవిలో చెప్పి కావాలని తప్పించండి, మిగతావాళ్లు ఎలా కలుస్తారో చూడండి.

తీగ తెగడం కూడా ఇందులోకే వస్తుంది. మీ తీగ తెగితే పక్కనున్న పిల్ల తన వయొలిన్ మీకిచ్చి మీది తీసుకుంటుంది. పెద్ద ఆర్కెస్ట్రాల్లోనూ ఇదే పద్ధతి. వేదిక పక్కన శ్రుతి చేసిన వయొలిన్ ఒకటి సిద్ధంగా ఉంచితే పక్క పిల్ల దాన్ని అందుకోవచ్చు. దీన్ని కూడా ఒకసారి సాధన చేయించండి. లేకపోతే ఆ క్షణంలో ఇద్దరూ బిగుసుకుపోతారు.

కూర్చునే తీరు, మైకులు

అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టండి. మీరు వంపు మధ్యలో, కొంచెం పక్కకు తిరిగి. బృందానికంటే ముందుకు జరిగి కూర్చుంటే ఫొటోలో బాగుంటుంది గానీ వెనకవాళ్లకు మీ వీపే కనిపిస్తుంది. వెనక వరసకు జానెడు ఎత్తు పీట వేయిస్తే అందరికీ మీ ముఖం కనిపిస్తుంది. కుర్చీల మీద వాయించే పిల్లలు, కింద కూర్చునే పిల్లలు కలిసి ఉంటే చూపులు కలవవు. ఏదో ఒకటే ఎంచుకోండి.

మైకుల సంగతి. మహతి ఆడిటోరియం లాంటి పెద్ద హాల్లో మైకులు తప్పవు. సౌండు చూసుకునేవాళ్లు మనిషికో మైకు పెడతామంటారు, మంచి మనసుతోనే. మర్యాదగా ఇలా చెప్పండి: “అన్నా, అందరికీ కలిపి పైనుంచి రెండు మైకులు, వీణకు ఒకటి చాలు. ఎకో వద్దు.” మనిషికో మైకు ఉంటే ఎవరి నాదం ఎంతో నిర్ణయించేది మిక్సరు దగ్గర కూర్చున్నవారవుతారు. మీరు రెండు నెలలు నేర్పిన సమతూకం పోతుంది. చిన్న హాలైతే మైకు లేకుండా ఒకసారి వాయించి చూడండి.

తిరుమల నాదనీరాజనం లాంటి ఆరుబయట వేదిక మీద అవకాశం వస్తే లెక్క వేరు. కొండ మీద చల్లగా ఉంటుంది, గాలికి కాగితాలు ఎగురుతాయి, బట్టలారేసే క్లిప్పులు తీసుకెళ్లండి. ఘాట్ రోడ్డులో వయొలిన్లు డిక్కీలో వేయకుండా ఒళ్లో పెట్టుకోమనండి. పైకి వెళ్లగానే పెట్టె తెరవకుండా అరగంట అలాగే ఉంచి, ఆ తర్వాత శ్రుతి చేయండి.

కచేరీ రోజు

ఎండాకాలంలో తిరుపతి వేడి మీకు తెలిసిందే. ఆగిన కారులో వయొలిన్ ఉంచితే జిగురు వదిలి అతుకులు విచ్చుకుంటాయి. ఎండు గాలికి బిరడాలు (తీగలు బిగించే పిడులు) జారతాయి, కొంచెం చాక్‌పీస్ పొడి రాస్తే పట్టు దొరుకుతుంది. కార్తీకం వానల్లో దీనికి తిరగబడి బిరడాలు బిగుసుకుంటాయి, కమాను వెంట్రుకలు వదులవుతాయి. ఏ కాలమైనా కొత్త తీగలు కచేరీకి వారం ముందే కట్టించండి. ముందురోజు కట్టిన తీగ వేదిక మీద దిగిపోతూనే ఉంటుంది.

పిల్లలకు కచేరీకి రెండు గంటల ముందు తేలిగ్గా తినిపించండి. గాజులు, చేతి గడియారాలు తీయించండి, గలగల మైకులో వినిపిస్తుంది. పట్టు పావడా, ఓణీ వేసుకునే ఆడపిల్లలు ఓణీ కుడి చేతికి అడ్డం పడకుండా పిన్ను పెట్టుకోవాలి. ఆ బట్టల్లో కూర్చుని ఒకసారైనా ముందు వాయించి ఉండాలి. హాల్లో రిహార్సల్‌లో పాటలన్నీ పూర్తిగా వాయించకండి. మొదళ్లు, ముగింపులు, కష్టమైన రెండు పంక్తులు, అంతే. చేతులను సాయంత్రానికి దాచండి.

నిర్వాహకులతో ఒక మాట ముందే ఖాయం చేసుకోండి. ముఖ్య అతిథి ప్రసంగం, శాలువాలు, జ్ఞాపికలు కచేరీకి ముందో వెనకో ఉండాలి, మధ్యలో వద్దు. ఇరవై నిమిషాలు లైట్ల వేడికి తీగలు దిగిపోతాయి, పిల్లల ధ్యాస పోతుంది. పెద్దలు ఆలస్యంగా వచ్చి మధ్యలోనే జరపాల్సి వస్తే, తర్వాత మళ్లీ శ్రుతి చేసుకోవడానికి ఐదు నిమిషాలు అడగండి. అడిగితే ఎవరూ కాదనరు.

శ్రుతి తెర వెనక ఒక్కొక్కరిదీ మీరే చూడండి. వేదిక మీద ఒక్క షడ్జం, ఒక్క పంచమం సరిచూసుకుంటే సరిపోతుంది. టెన్షన్ పడుతున్న పిల్లకు “భయపడకు” అని చెప్పడం వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. ఏం చేయాలో చెప్పండి: “నా ఊపిరి విను, కమాను తీగ మీద పెట్టు.” చేయడానికి పని ఉన్న పిల్లకు భయపడే తీరిక ఉండదు.

మొదటి పాట మొదటి స్వరం కాస్త విడివిడిగా వచ్చినా ముఖం మార్చకండి. పిల్లలు మీ ముఖం చదువుతుంటారు. కనుబొమ్మ ముడిపడితే తర్వాతి పంక్తి ఇంకా బిగుసుకుంటుంది. చప్పట్లు వచ్చినప్పుడు మీరొక్కరే నమస్కారం పెట్టకండి. ముందు సహాయకుల్ని, తర్వాత బృందాన్ని లేపి, అందరూ కలిసి పెట్టాలి.

కచేరీ అయ్యాక

కమానులు వదులు చేయించండి, తీగల మీద రోసిన్ పొడి తుడిపించండి. వారంలోపు పిల్లలందరినీ కూర్చోబెట్టి రికార్డింగ్ వినిపించండి. పాటలు మొత్తం వినక్కర్లేదు. ప్రతి పాట మొదటి ఐదు సెకన్లు, చివరి ఐదు సెకన్లు వినిపించి, ఎక్కడ కలిశామో, ఎక్కడ విడిపోయామో వాళ్లనే చెప్పమనండి. ఎవరు నిశితంగా విని చెబుతున్నారో రాసుకోండి. తర్వాతి కచేరీలో ఒక నొట్టుస్వరానికి ఊపిరి ఇచ్చే పని వాళ్లలో ఒకరికి అప్పగించి, మీరు రెండో వయొలిన్లలో కూర్చోండి.